ఇళ్ల బీమాలో నష్టం ఎక్కడ పుడుతోంది: ఫ్లోరిడా లెక్కలు విప్పి చూసే పద్ధతి

2022లో ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్, అవతార్, సదరన్ ఫిడెలిటీ, వెస్టన్, ఫెడ్‌నాట్ ఒకదాని వెంట ఒకటి మూతబడి కోర్టు నియమించే రిసీవర్ చేతికి వెళ్లాయి. అన్నీ ఇళ్ల బీమా అమ్మిన కంపెనీలే. సెప్టెంబరు 28న ఇయన్ తుపాను తీరం దాటేనాటికే ఈ ఐదింటి పని అయిపోయింది. అందుకే "తుపానులే ముంచాయి" అంటే సరిపోదు. కంపెనీలను అడిగితే కోర్టు కేసులంటాయి. లాయర్లు మాత్రం లాభాలను అనుబంధ సంస్థలకు మళ్లించారంటారు. రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలు తమకోసం కొనుక్కునే బీమా) ధర మండిపోయిందని ఒకరు, రేట్లు సకాలంలో పెంచలేదని మరొకరు. ప్రతి మాటలోనూ నిజం ఉంది. ఏ మాటలో ఎంత నిజముందో తేల్చడమే విశ్లేషకుడి పని.

ఈ పనికి సూత్రం ఒక్కటే. ప్రతి కారణాన్నీ ఒకే హారం మీద, అంటే డైరెక్ట్ ఎర్న్‌డ్ ప్రీమియం (రీఇన్సూరర్ల వాటా తీయకముందు, గడిచిన కాలానికి చెందే ప్రీమియం) మీద కొలవాలి. అన్నిటినీ కూడితే మొత్తం నష్టం సరిగ్గా రావాలి. కూడికలో చోటు దొరకని కారణం ఎంత గట్టిగా వినిపించినా దాన్ని నివేదికలోకి రానివ్వకూడదు. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్‌లలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలకు ప్రతి రెన్యువల్‌లో వచ్చే పెంపు ఈ కూడికలోంచే పుడుతుంది. కారణం తప్పుగా తేల్చితే మందు తప్పుతుంది, బిల్లు మాత్రం వాళ్లకే వెళ్తుంది.

మొదటి అడుగు: ఏ నష్టం, ఎవరి నష్టం

"నష్టం" అనే మాటను కనీసం మూడు అర్థాల్లో వాడుతుంటారు. అండర్‌రైటింగ్ నష్టమంటే ప్రీమియంలోంచి క్లెయిమ్‌లు, ఖర్చులు తీసేశాక మిగిలే లోటు. నికర నష్టంలో పెట్టుబడుల ఆదాయం, పన్నులు కూడా కలుస్తాయి. మూడోది సర్‌ప్లస్, అంటే మూలధనం తరిగిపోవడం. కంపెనీ మూతపడేది ఈ మూడోదానివల్ల. విశ్లేషణ అండర్‌రైటింగ్ నష్టంతో మొదలుపెట్టండి, మిగతా రెండింటినీ చివర కలపండి.

తర్వాత మార్కెట్ హద్దు గీయాలి. కంపెనీలు నియంత్రణాధికారులకు ఇచ్చే చట్టబద్ధ వార్షిక నివేదికల్లో ఇళ్ల బీమా 4వ లైన్ (విభాగం), "హోమ్‌ఓనర్స్ మల్టిపుల్ పెరిల్". సొంత ఇంటి హెచ్‌ఓ-3, అద్దెవాళ్ల హెచ్‌ఓ-4, కాండో హెచ్‌ఓ-6 ఇందులోకే వస్తాయి. అద్దెకిచ్చే ఇళ్లకు రాసే డ్వెలింగ్ పాలసీలు మాత్రం ఫైర్, అలైడ్ లైన్స్ కింద పడతాయి. ఫ్లోరిడాలో అవి తక్కువేం కాదు. వాటిని ఒక ఏడాది కలిపి, మరో ఏడాది వదిలేస్తే లెక్కంతా వక్రిస్తుంది.

వరద హోమ్‌ఓనర్స్ పాలసీలో ఉండదు. అది ఎక్కువగా అమెరికా కేంద్ర ప్రభుత్వ వరద బీమా పథకం కిందకు వెళ్తుంది. ఇయన్ సమయంలో గానీ, 2024 సెప్టెంబరులో హెలీన్ వచ్చినప్పుడు గానీ సముద్రపు ఉప్పెన చేసిన నష్టాన్ని ఇళ్ల బీమా ఖాతాలో వేస్తే అంకెలు ఉబ్బిపోతాయి. వార్తల్లో కనిపించే "మొత్తం ఆర్థిక నష్టం" మీకు అక్కరలేని సంఖ్య.

సిటిజన్స్ ప్రాపర్టీ ఇన్సూరెన్స్‌ను వేరే నిలువు వరుసలో పెట్టండి. 2002లో రెండు పాత సంస్థలను కలిపి ఏర్పాటుచేసిన ఈ ప్రభుత్వ సంస్థ దగ్గర 2023లో దాదాపు 14 లక్షల పాలసీలు పోగయ్యాయి, 2024 చివరికి 10 లక్షల లోపుకు దిగాయి. పాలసీలు ప్రైవేటు కంపెనీల నుంచి సిటిజన్స్‌కు, అక్కడినుంచి మళ్లీ వెనక్కు కదిలినప్పుడల్లా రెండువైపులా రిస్క్ మిశ్రమం మారుతుంది. కలిపి చూస్తే ఆ కదలిక కనబడదు.

రెండో అడుగు: కాగితాలు పోగు చేయడం

మూలాధారం చట్టబద్ధ వార్షిక నివేదిక. ముగిసిన సంవత్సరానిది మార్చి 1లోగా దాఖలవుతుంది, త్రైమాసిక నివేదికలు మే, ఆగస్టు, నవంబరు 15 తేదీలకు వస్తాయి. అందులో మీకు కావలసినవి ఇవి:

- రాష్ట్ర పేజీ: ఫ్లోరిడాలో లైన్‌వారీగా డైరెక్ట్ ప్రీమియం, డైరెక్ట్ నష్టాలు, డిఫెన్స్ ఖర్చులు (కోర్టు కేసుల్లో కంపెనీ వాదనకయ్యే ఖర్చు), కమీషన్లు, పన్నులు.
- షెడ్యూల్ పీ, పార్ట్ 1ఏ: హోమ్‌ఓనర్స్ క్లెయిమ్‌ల పదేళ్ల చరిత్ర. పార్ట్ 2 అంచనాలు ఎలా మారాయో, పార్ట్ 3 చెల్లింపులు ఎలా సాగాయో చూపిస్తాయి.
- షెడ్యూల్ ఎఫ్: రీఇన్సూరెన్స్.
- షెడ్యూల్ వై, పార్ట్ 2: అనుబంధ సంస్థలతో లావాదేవీలు. వీటితోపాటు నోట్స్‌లో 10, 19 తప్పక చదవండి.
- ఏప్రిల్ 1కి వచ్చే ఇన్సూరెన్స్ ఎక్స్‌పెన్స్ ఎగ్జిబిట్: ఖర్చులను లైన్‌వారీగా పంచి చూపిస్తుంది.

వీటికి ఫ్లోరిడా బీమా నియంత్రణ కార్యాలయం దగ్గరున్న రేటు ఫైలింగ్‌లు, కౌంటీవారీ పాలసీల సంఖ్య ఇచ్చే క్వాజర్ డేటా (కంపెనీలు ఆ కార్యాలయానికి ఇచ్చే అనుబంధ నివేదికలు), ప్రతి పెద్ద తుపాను తర్వాత అడిగి తెప్పించుకునే క్లెయిమ్ లెక్కలు కలపండి. రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ దగ్గర బీమా కంపెనీలపై వేసిన దావాల నోటీసుల రికార్డు ఉంటుంది. కేసుల లెక్కకు అది అసలు వనరు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది: మూతబడిన కంపెనీ మర్నాటి నుంచి నివేదిక ఇవ్వదు. ఈరోజు బతికున్న కంపెనీల పదేళ్ల డేటా మాత్రమే దించుకుంటే, అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లే పట్టికలో లేకుండా పోతారు. ప్రతి ఏడాదికీ ఆ ఏడాది ఉన్న కంపెనీల జాబితాను విడిగా తయారుచేసుకోండి. రెండోది: కొన్ని కంపెనీలు వ్యాపార రహస్యమని క్వాజర్‌లో తమ అంకెలు బయటపెట్టనివ్వవు. కౌంటీవారీ మొత్తాలను రాష్ట్ర పేజీ మొత్తంతో సరిపోల్చి, తేడా ఎంతో రాసుకున్నాకే ముందుకు కదలండి.

మూడో అడుగు: ప్రీమియంను ఒకే రేటు మట్టానికి తేవడం

నష్టాల నిష్పత్తి (ప్రీమియంలో నష్టాల వాటా) పెరిగితే లవం పెరిగి ఉండొచ్చు, హారం తగ్గి ఉండొచ్చు. హారాన్ని సరిచేయకుండా లవం గురించి మాట్లాడటం కుదరదు.

జులై 1న 20 శాతం రేటు పెంపు అమల్లోకి వచ్చిందనుకుందాం. ఏడాది పాలసీలు, సంవత్సరం పొడవునా సమానంగా అమ్ముడవుతాయి. పెంపు ప్రతి పాలసీకి దాని రెన్యువల్ రోజునే తగులుతుంది. అందువల్ల ఆ క్యాలెండర్ సంవత్సరపు ఎర్న్‌డ్ ప్రీమియంలో కొత్త రేటు వాటా సగం కూడా కాదు, ఎనిమిదో వంతే (0.5 × 0.5 ÷ 2 = 0.125). సగటు రేటు మట్టం 1 + 0.20 × 0.125 = 1.025. ప్రీమియంను నేటి మట్టానికి తెచ్చే గుణకం 1.20 ÷ 1.025, అంటే దాదాపు 1.171.

రేటు పెంపు ప్రకటించిన ఏడాదే ఫలితాలు బాగుపడలేదేమని అడిగేవాళ్లకు జవాబు ఇదే. క్లెయిమ్ ఖర్చు వేగంగా పెరుగుతుంటే పెంపు పూర్తిగా ఖాతాలోకి చేరేసరికే పాతబడిపోతుంది. 2020 తర్వాత కలప, రూఫింగ్ సామాను, కూలి ఒక్కసారిగా పెరిగినప్పుడు అదే జరిగింది. బీమా మొత్తాన్ని ఇంటి నిర్మాణ ఖర్చుతోపాటు పెంచారా లేదా అన్నదీ ఇక్కడే చూడండి. రేటు మారకపోయినా కవరేజీ మొత్తం పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. ఆ పెరుగుదలను రేటు పెంపులో కలిపేయకూడదు.

నాలుగో అడుగు: విపత్తును విడదీయడం

2004లో చార్లీ, ఫ్రాన్సెస్, ఇవాన్, జీన్ వచ్చాయి. 2005 అక్టోబరులో విల్మా వచ్చింది. ఆ తర్వాత 2016లో హెర్మీన్ వచ్చేదాకా ఒక్క హరికేన్ కూడా ఫ్లోరిడా తీరాన్ని తాకలేదు. ఆ పదేళ్ల ఫలితాలు చూసి "ఇది లాభసాటి మార్కెట్" అని తేల్చినవాళ్లు అదృష్టాన్ని నైపుణ్యమనుకున్నారు. చిన్న మూలధనంతో పుట్టుకొచ్చిన కంపెనీలు ఎన్నో ఆ ప్రశాంతతలోనే ఎదిగాయి.

ప్రతి ఏడాదికీ రెండు అంకెలు రాయండి: నిజంగా జరిగిన విపత్తు నష్టం, తుపాను నష్టాలను అంచనా వేసే కంప్యూటర్ మోడల్ చెప్పే వార్షిక సగటు నష్టం. సగటు నష్టం కారణాల వరుసలోకి వెళ్తుంది. నిజ నష్టానికీ సగటుకూ తేడాను "అదృష్టం" అనే విడి వరుసలో వేయండి. తుపాను లేని ఏడాది అది కంపెనీకి అనుకూలంగా ఉంటుంది, ఇయన్ ఏడాది ప్రతికూలంగా. మోడల్ అంకె కోసం రేటు ఫైలింగ్‌లు తెరవండి. 1995లో ఏర్పడిన రాష్ట్ర హరికేన్ నష్ట అంచనా పద్ధతుల కమిషన్ ఆమోదించిన మోడళ్ల ఫలితాలు అక్కడ ఉంటాయి. ఒక్క మోడల్‌ను నమ్ముకోకండి. రెండు మోడళ్ల మధ్య తేడా పెద్దగా ఉంటే ఆ తేడానే మీ అనిశ్చితి.

వేరే రాష్ట్రానికి వెళ్తే ఈ అడుగు రూపం మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్ శివార్లలో ముఖ్యమైన విపత్తు వడగళ్లు. ఒక్కో వాన చిన్నదే, ఏడాదికి చాలా పడతాయి. అక్కడ పెద్ద తుపాను సగటు వేసుకోవడం కంటే గాలి, వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ఇంటి యజమాని సొంతంగా భరించే భాగం) శాతం ఎలా మారిందో, పైకప్పుల వయసు ఎంతో చూడటం ముఖ్యం. కాలిఫోర్నియాలో 2024 చివరివరకూ నియమాలు భవిష్యత్తు మోడళ్లను, రీఇన్సూరెన్స్ ఖర్చును రేట్లలో చేర్చనివ్వలేదు. కాబట్టి అక్కడ మూడో అడుగుకే ఎక్కువ బరువు.

ఐదో అడుగు: క్లెయిమ్‌ల సంఖ్య, ఒక్కో క్లెయిమ్ ఖర్చు

విపత్తు తీసేశాక మిగిలిన రోజువారీ నష్టాన్ని రెండుగా చీల్చండి. ఒక ఉదాహరణ. లక్ష ఇళ్లకు ఏడాదిలో 4,000 క్లెయిమ్‌లు వచ్చాయి, సగటు ఖర్చు 15,000 డాలర్లు. అంటే ఇంటికి 600 డాలర్లు. ఐదేళ్ల తర్వాత 5,000 క్లెయిమ్‌లు, సగటు 21,000. ఇంటికి 1,050 డాలర్లు. పెరిగిన 450లో ఎవరి వాటా ఎంత? సంఖ్య 1.25 రెట్లు, ఖర్చు 1.40 రెట్లు అయ్యాయి. గుణకారాన్ని కూడికగా మార్చడానికి సహజ లాగరిథమ్ తీసుకోండి: 0.223, 0.336, మొత్తం 0.560. అంటే సంఖ్య వాటా 40 శాతం, ఖర్చు వాటా 60 శాతం. 450 డాలర్లలో 180, 270.

ఇదే లెక్క ప్రమాదవారీగా, కౌంటీవారీగా మళ్లీ చేయండి. ఫ్లోరిడాలో అసలు విషయం అక్కడే బయటపడుతుంది. మయామీ-డేడ్, బ్రోవర్డ్, పామ్ బీచ్ కౌంటీల్లో పైపులు పగిలి నీళ్లు కారిన క్లెయిమ్‌లు మిగతా రాష్ట్రంతో పొంతన లేకుండా నడిచాయి. తుపానుకూ వాటికీ సంబంధం లేదు. సగటు రాష్ట్ర అంకె చూసేవాళ్లకు ఇది కనిపించదు.

సంఖ్య ఎందుకు మారిందో చెప్పేటప్పుడు ప్రకృతికి ముందు నియమాలను చూడండి. 2011కు ముందు హెర్నాండో, పాస్కో కౌంటీల్లో సింక్‌హోల్ (నేల కుంగి గొయ్యి పడటం) క్లెయిమ్‌లు వెల్లువెత్తాయి. 2011లో చట్టం నిర్వచనాలు బిగించాక తగ్గాయి. నేల మాత్రం అదే నేల.

ఖర్చు విషయంలోనూ అంతే. రాష్ట్ర భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఏడాది లోపు పైకప్పు భాగంలో 25 శాతానికి మించి మరమ్మతు చేస్తే ఆ భాగమంతా కొత్త ప్రమాణాలకు తేవాలి. నాలుగు పెంకులు ఊడిన క్లెయిమ్‌కూ మొత్తం పైకప్పు క్లెయిమ్‌కూ మధ్య ఉన్న గీత ఇదే. 2007 నియమావళికి తగ్గట్టు కట్టిన పైకప్పులకు 2022లో మినహాయింపు ఇచ్చారు. అందుకే పైకప్పు క్లెయిమ్‌ల సగటును 2022 ముందూ తర్వాతా విడదీసి, ఇల్లు కట్టిన సంవత్సరంవారీగా చూడండి.

లెక్కలో ఎక్కువమంది చేసే పొరపాటు, పైసా చెల్లించకుండా మూసేసిన క్లెయిమ్‌లను ఒక ఏడాది కలిపి మరో ఏడాది వదిలేయడం. కలిపితే సంఖ్య పెరిగి సగటు తగ్గుతుంది. మొత్తం మారదు గానీ 40-60 వాటా తలకిందులవుతుంది. డిడక్టిబుల్ పెంచిన ఏడాదీ ఇలాగే మోసం చేస్తుంది: చిన్న క్లెయిమ్‌లు పోయి సగటు పైకి వెళ్తుంది.

ఆరో అడుగు: కోర్టు ఖర్చు

ఎక్కువ తగవు ఇక్కడే, కాబట్టి ఎక్కువ జాగ్రత్త కూడా ఇక్కడే కావాలి. 2021 ఏప్రిల్‌లో అప్పటి రాష్ట్ర బీమా కమిషనర్ డేవిడ్ ఆల్ట్‌మయర్ శాసనసభకు రాసిన లేఖలో ఒక పోలిక ఉంది: 2019లో అమెరికా మొత్తంలో నమోదైన ఇళ్ల బీమా క్లెయిమ్‌లలో ఫ్లోరిడా వాటా 8 శాతం పైచిలుకు, బీమా కంపెనీలపై వేసిన దావాలలో వాటా 76 శాతం పైచిలుకు. ఈ అంకె సమస్య ఉందని చెబుతుంది. డాలర్లలో ఎంత అన్నది చెప్పదు. దావాల సంఖ్యను నేరుగా నష్టంగా అనువదించిన నివేదికను పక్కన పెట్టండి.

దీని వెనుక రెండు యంత్రాంగాలు. మొదటిది ఏకపక్ష ఫీజు నియమం: పాలసీదారు కేసు గెలిస్తే అతని లాయర్ ఫీజు కంపెనీ కట్టాల్సి వచ్చేది, ఓడితే కంపెనీ ఫీజు అతను కట్టక్కర్లేకపోయేది. రెండోది క్లెయిమ్ హక్కును కాంట్రాక్టరుకు రాసివ్వడం, వాడుకలో ఏఓబీ. నీళ్లు తోడే కంపెనీయో, రూఫరో ఆ హక్కుతో తానే కోర్టుకెక్కేవాడు. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు జాయిస్ కేసులో లాయర్లు ఫీజుకు గుణకం (ఫీజును పెంచే రెట్టింపు అంకె) పొందడాన్ని సులువు చేసింది. 2019లో ఏఓబీపై, 2021లో పైకప్పుల కోసం ఇంటింటికీ తిరిగి క్లెయిమ్‌లు పోగేయడంపై కళ్లేలు పడ్డాయి. 2022 డిసెంబరు 16న సంతకమైన ఎస్‌బీ 2-ఏ చట్టం ఇళ్ల బీమాలో ఏకపక్ష ఫీజును తీసేసింది. 2023 జనవరి 1 నుంచి జారీ అయ్యే పాలసీల్లో ఏఓబీ చెల్లదు.

కొలిచే తీరు ఇది. ముందుగా డిఫెన్స్ ఖర్చును సర్వేయర్లు, సర్దుబాటుదారుల ఖర్చునుంచి వేరు చేయండి; రాష్ట్ర పేజీలో డిఫెన్స్ ఖర్చు విడిగానే ఉంటుంది. తర్వాత ఎదుటి లాయరుకు కట్టిన ఫీజును కంపెనీ ఎక్కడ రాసిందో కనుక్కోండి. కొన్ని దాన్ని నష్టంలోనే కలుపుతాయి, కొన్ని ఖర్చులో చూపిస్తాయి. ఈ ఒక్క తేడావల్ల రెండు కంపెనీల పోలిక పనికిరాకుండా పోతుంది. నష్టంలో కలిసిపోయిన ఫీజును అక్కడ తీసి ఇక్కడ వేయాలి, లేకపోతే ఐదో అడుగులో ఒకసారి, ఆరో అడుగులో ఒకసారి రెండుసార్లు లెక్కపడుతుంది.

కోర్టుకెక్కిన క్లెయిమ్ సగటును, ఎక్కని క్లెయిమ్ సగటును పక్కపక్కన పెట్టి తేడా అంతా లాయర్ల పుణ్యమే అనడం రెండో తప్పు. పెద్ద, చిక్కు క్లెయిమ్‌లే సహజంగా కోర్టుకు వెళ్తాయి. కంపెనీ తొలుత తక్కువ ఇవ్వజూపిన క్లెయిమ్‌లూ వెళ్తాయి. అదే ప్రమాదం, అదే కౌంటీ, ఇంటి వయసు, కంపెనీ తొలి ఆఫర్ దగ్గరగా ఉన్న జంటలను మాత్రమే పోల్చండి. తొలి ఆఫర్ డేటా దొరక్కపోతే మీ అంకెను గరిష్ఠ పరిమితిగా మాత్రమే చెప్పండి.

2022 సంస్కరణ ఫలితాన్ని కొలిచేవాళ్లు దావా వేసిన తేదీతో గ్రాఫ్ గీసి బోల్తాపడతారు. కొత్త నియమం ఆ తర్వాత జారీ అయిన పాలసీలకే వర్తిస్తుంది. పాత పాలసీ కింద పుట్టిన క్లెయిమ్‌లు పాత నియమాలతోనే చాలాకాలం కోర్టుల్లో నడుస్తాయి. పైగా 2023 మార్చి 24న దావాల నియమాలు మార్చిన హెచ్‌బీ 837 చట్టమయ్యేముందు దావాలు కుప్పలుగా వేశారు. కాబట్టి పాలసీ మొదలైన తేదీవారీగా గుంపులు చేసి, ప్రతి గుంపునూ ఒకే వయసులో, ఉదాహరణకు 18 నెలలకు, పోల్చాలి.

ఏడో అడుగు: పాత నష్టాల తోక

ఈ ఏడాది నష్టంగా కనిపించేదాంట్లో కొంత గత ఏళ్ల క్లెయిమ్‌లను తక్కువ అంచనా వేసిన ఫలితం. దాన్ని విడదీయడానికి త్రికోణ పట్టిక (ఒక్కో ఏడాది నష్టం కాలం గడిచేకొద్దీ ఎంతకు పెరిగిందో చూపేది) కావాలి. ఒక ఏడాదిలో జరిగిన ప్రమాదాల కింద నమోదైన నష్టం 12 నెలలకు 60, 24కు 78, 36కు 84, 48కు 86 అయిందనుకోండి. గుణకాలు 1.30, 1.077, 1.024, లబ్ధం దాదాపు 1.43. మొదటి ఏడాది చివర కంపెనీ ఇంకా బయటపడని నష్టాలకు కేటాయించింది 43 శాతంకంటే బాగా తక్కువైతే, తర్వాతి మూడేళ్ల ఫలితాలు ముందే దెబ్బతిన్నట్టే.

2017 సెప్టెంబరు నాటి ఇర్మా ఈ తోకకు పాఠ్యపుస్తక ఉదాహరణ. అప్పటి చట్టం హరికేన్ క్లెయిమ్‌కు మూడేళ్ల గడువిచ్చింది. ఆ మూడేళ్లూ కొత్త క్లెయిమ్‌లు, మళ్లీ తెరిచిన క్లెయిమ్‌లు వస్తూనే ఉన్నాయి. కంపెనీల తొలి అంచనాలు ఏడాదికేడాది పైకి పాకాయి. 2021లో గడువు రెండేళ్లకు, 2022 డిసెంబరు చట్టంతో ఒక ఏడాదికి తగ్గింది; అదనపు క్లెయిమ్‌కు 18 నెలలు. అందువల్ల ఇర్మా తోకతో ఇప్పటి తుపానులను అంచనా వేస్తే అతిగా వస్తుంది. విపత్తు త్రికోణాన్ని, రోజువారీ త్రికోణాన్ని ఎప్పుడూ వేర్వేరుగా కట్టండి.

షెడ్యూల్ పీ పార్ట్ 2 రీఇన్సూరెన్స్ తీసేశాక మిగిలిన అంకెలతో ఉంటుంది. కంపెనీ తన వాటా పరిమితిని దాటిపోయిన తుపాను ఎంత పెరిగినా అక్కడ చదునుగా కనిపిస్తుంది. స్థూల అంకెలకు పార్ట్ 1 చూడాలి. హెచ్చరిక సూచిగా, ఒక ఏడాదిలో పాత అంచనాల పెరుగుదల అంతకుముందు సర్‌ప్లస్‌లో 20 శాతం దాటితే నియంత్రణాధికారుల పరీక్షల్లో అసాధారణంగా లెక్కిస్తారు.

ఎనిమిదో అడుగు: రీఇన్సూరెన్స్

ఫ్లోరిడా చిన్న కంపెనీలు సొంత మూలధనంతో కంటే కొనుక్కున్న రీఇన్సూరెన్స్‌తోనే నడుస్తాయి. అందుకే నికర నిష్పత్తులు ఇక్కడ దారుణంగా తప్పుదోవ పట్టిస్తాయి. ఊహాత్మక కంపెనీ ఒకటి చూద్దాం, అంకెలు కోట్ల డాలర్లలో.

డైరెక్ట్ ప్రీమియం 50. రీఇన్సూరర్లకు ఇచ్చింది 25, మిగిలింది 25. డైరెక్ట్ నష్టాలు, క్లెయిమ్ ఖర్చులు 26, రీఇన్సూరర్ల నుంచి వచ్చింది 2, మిగిలింది 24. నిర్వహణ ఖర్చులు 15, రీఇన్సూరర్లిచ్చిన కమీషన్ 1 పోగా 14. నికర నష్ట నిష్పత్తి 24 ÷ 25 = 96 శాతం, ఖర్చుల నిష్పత్తి 14 ÷ 25 = 56 శాతం, కలిపి 152 శాతం. ఇది చూసినవాళ్లెవరైనా క్లెయిమ్‌లు ముంచేశాయంటారు. అదే డైరెక్ట్ ప్రీమియం మీద చూస్తే నష్టాలు 52, ఖర్చులు 30, రీఇన్సూరెన్స్ నికర ఖర్చు (25 − 2 − 1 = 22) 44. మొత్తం 126. నష్టం రెండు దారుల్లోనూ 13 కోట్లే. అయితే కారణాల క్రమం పూర్తిగా మారిపోయింది: క్లెయిమ్‌లు, ఖర్చులు పోగా ప్రీమియంలో 18 శాతం మిగిలింది, రీఇన్సూరెన్స్‌కు దానికి రెట్టింపు మించి కావలసి వచ్చింది.

రీఇన్సూరెన్స్ ఖర్చును ఒకే ఏడాదిలో "వృథా" అని తీర్పు చెప్పకండి. తుపాను రాని ఏడాది అది పూర్తిగా ఖర్చు, వచ్చిన ఏడాది అదే ప్రాణం. నాలుగో అడుగులో విపత్తుకు సగటు నష్టం వాడినట్టే, ఇక్కడా సగటున తిరిగొచ్చే మొత్తం తీసేసి మిగిలినదాన్నే ఖర్చుగా చూపండి. ఫ్లోరిడా ఒప్పందాలు జూన్ 1న మారతాయి కాబట్టి క్యాలెండర్ ఏడాదిలో ఐదు నెలలు పాత ధర, ఏడు నెలలు కొత్త ధర ఉంటుంది. తుపాను తర్వాత కవర్ పునరుద్ధరణకు కట్టే అదనపు ప్రీమియం ఎక్కడ రాశారో కూడా చూడండి. 1992 ఆండ్రూ తర్వాత, 1993లో పెట్టిన రాష్ట్ర హరికేన్ విపత్తు నిధి ధర ప్రైవేటు రీఇన్సూరెన్స్ కంటే చవక. రెండింటినీ వేర్వేరు గీతలుగా ఉంచితేనే ప్రపంచ మార్కెట్ ధర పెరుగుదల ఎంత బరువు పడిందో తెలుస్తుంది.

ఇక్కడ లూసియానాతో పోలిక బాగా పనికొస్తుంది. 2020లో లారా, 2021లో ఐడా తర్వాత అక్కడా వరసగా కంపెనీలు కూలాయి. ఫ్లోరిడా స్థాయి దావాల ఉధృతి లేకుండానే చాలినంత రీఇన్సూరెన్స్ కొనని చిన్న కంపెనీలు మునిగిపోగలవని అది చూపిస్తుంది. ఫ్లోరిడా నష్టమంతా లాయర్ల మీద వేసేముందు ఈ ఒక్క పోలికైనా చేయాలి.

తొమ్మిదో అడుగు: అనుబంధ సంస్థలు

చాలా గ్రూపుల్లో బీమా కంపెనీ ఒక పెట్టె మాత్రమే. పాలసీలు రాసే మేనేజింగ్ జనరల్ ఏజెంట్, క్లెయిమ్‌లు చూసే సంస్థ, కొన్నిసార్లు రీఇన్సూరర్ కూడా అదే యజమానివి. బీమా కంపెనీ లాభాల మీద, డివిడెండ్ల మీద నియంత్రణ ఉంటుంది. ఫీజు రూపంలో బయటికెళ్లిన డబ్బు మీద పట్టు తక్కువ. 2017-2019 లెక్కలపై నియంత్రణ కార్యాలయం చేయించిన అధ్యయనం 2025 ఫిబ్రవరిలో పత్రికల ద్వారా బయటికొచ్చి ఈ విషయాన్ని చర్చకు తెచ్చింది.

ఫీజు ఉండటమే తప్పు కాదు. ఎవరు చేసినా ఆ పనికి ఖర్చవుతుంది. కొలవాల్సింది ఫీజుకూ, ఆ పనికి న్యాయమైన ఖర్చుకూ మధ్య తేడా. షెడ్యూల్ వైలో బయటికెళ్లిన మొత్తం తీసుకోండి, నోట్ 19లో ఏజెంట్ రాసిన ప్రీమియం చూడండి, ఫీజు శాతం గట్టండి. ఆ పనిని సొంత ఉద్యోగులతో చేసుకునే కంపెనీల ఖర్చు నిష్పత్తితో పోల్చండి. గ్రూపు స్టాక్ మార్కెట్‌లో ఉంటే ఏకీకృత 10-కె నివేదిక (స్టాక్ మార్కెట్ కంపెనీలు దాఖలు చేసే వార్షిక నివేదిక) తెరవండి: బీమా కంపెనీ నష్టంలో, గ్రూపు లాభంలో ఉంటే తేడా ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది. గ్రూపు కూడా నష్టంలోనే ఉంటే మళ్లింపు వాదన ఆ కంపెనీకి బలహీనపడుతుంది. రెండు రకాల కంపెనీలూ ఫ్లోరిడాలో ఉన్నాయి కాబట్టి మార్కెట్ మొత్తానికి ఒకే తీర్పు చెప్పకుండా గ్రూపువారీగా రాయండి.

పదో అడుగు: అన్నిటినీ కలిపే వంతెన

ఇప్పుడు మొదటి ఏడాది, చివరి ఏడాది పక్కపక్కన పెట్టండి. ప్రతిదీ 100 డాలర్ల డైరెక్ట్ ప్రీమియం మీద. ఇవి నమూనా అంకెలు:

- రోజువారీ నష్టం: 30 నుంచి 36
- సగటు విపత్తు నష్టం: 8 నుంచి 10
- కోర్టు, సర్దుబాటు ఖర్చులు: 8 నుంచి 14
- రీఇన్సూరెన్స్ నికర ఖర్చు: 24 నుంచి 34
- కమీషన్లు, నిర్వహణ: 28 నుంచి 29

మొత్తం 98 నుంచి 123. 2 లాభం 23 నష్టమైంది, అంటే 25 పాయింట్ల మార్పు. అందులో రీఇన్సూరెన్స్ 10, రోజువారీ నష్టం 6, కోర్టు వైపు 6, విపత్తు 2, నిర్వహణ 1.

ఈ మధ్యకాలంలో రేట్లు 10 శాతం పెరిగి ఉంటే ఇంకో మెట్టు ఉంది. మొదటి నాలుగు వరుసల మొత్తం 94ను పాత రేటు మట్టానికి తెస్తే 103.4. కమీషన్ ప్రీమియంలో శాతమే కాబట్టి 29ని అలాగే ఉంచండి. మొత్తం 132.4. అంటే అసలు ఖర్చులు 34.4 పాయింట్లు పెరిగాయి, రేటు పెంపు 9.4 పూడ్చింది. "రేట్లు చాలలేదు" అన్న మాటకు ఇప్పుడు అంకె దొరికింది: చాలనిది 25. దాన్ని మరో కారణంగా పై జాబితాలో చేర్చకూడదు, చేర్చితే అదే నష్టం రెండుసార్లు లెక్కపడుతుంది.

వంతెన కింద మూడు గీతలు విడిగా రాయండి: అదృష్టం (నిజ విపత్తుకూ సగటుకూ తేడా, రీఇన్సూరెన్స్ రాబడుల తేడాతో సహా), పాత ఏళ్ల అంచనాల సవరణ, పెట్టుబడి ఆదాయం. ఇవి కలిపాకే రాష్ట్ర పేజీల నుంచి, కంపెనీ నివేదిక నుంచి వచ్చే మొత్తంతో సరిపోవాలి. ఒక పాయింటుకు మించి తేడా మిగిలితే సాధారణంగా దొరికే దోషులు నాలుగు: డ్వెలింగ్ పాలసీలు కలిసిపోవడం, ఎదుటి లాయరు ఫీజు రెండుచోట్ల పడటం, మూతబడిన కంపెనీ జారిపోవడం, రిటెన్ ప్రీమియంను (పాలసీ రాసినప్పుడే పూర్తిగా లెక్కలోకొచ్చే ప్రీమియం) ఎర్న్‌డ్ చోట వాడటం. ఈ వరసలోనే వెతకండి.

చివరగా, ఏ వాటాకు ఎంత భరోసా ఉందో పక్కనే రాయండి. రీఇన్సూరెన్స్, కమీషన్ల అంకెలు పుస్తకాల్లోంచి నేరుగా వస్తాయి, వాటిలో అంచనా దాదాపు లేదు. కోర్టు వాటా మీరు ఎంచుకున్న జంటల మీద, విపత్తు వాటా మోడల్ మీద ఆధారపడుతుంది. రెండు మోడళ్లతో, రెండు రకాల జంటలతో వంతెనను మళ్లీ కట్టి కనిష్ఠ, గరిష్ఠ అంకెలు రెండూ ఇవ్వండి. 2023, 2024ల మెరుగుదలను 2022 చట్టానికే ఆపాదించమని అడిగేవాళ్లు ఉంటారు. అదే సమయంలో భారీ రేటు పెంపులు ఖాతాలోకి చేరాయి, రీఇన్సూరెన్స్ ధరల వేగం తగ్గింది, బలహీన కంపెనీలు వెళ్లిపోయాయి. పాలసీ తేదీవారీ గుంపుల్లో డిఫెన్స్ ఖర్చు ఎంత తగ్గిందో అంతమేరకే చట్టానికి జమ వేయండి. మిగతాది ఆయా వరుసలకు వెళ్తుంది.